ధర్మకాంట మీద విమానాలు

మిర్యాలగూడల, సాగర్ రోడ్డు మీద
ఇరవై రెండేండ్లసంది ధర్మకాంట కాడ కూసుంట.
కాంట సేటుది, కుర్సీ నాది.
నిండు లారీ ఎక్కుతది, ఒక అంకె.
ఖాళీ లారీ ఎక్కుతది, ఒక అంకె.
నడుమ తేడా ఎవరి వడ్లో, ఎవరి అప్పో
నాకెందుకు, చీటీ చింపి ఇస్త.

కుర్సీ కింద మాత్రం ఎప్పుడూ ఒక పార్సిల్ ఉంటది.
కొరియరోనికి ఇంటి అడ్రసు ఇయ్యను.

"లెక్కలోడివి గదా, నువ్వే చెయ్ లెక్క" అన్నది అండాలు
అటక మీదికి చూసుకుంట.
చేసిన.
నూట నలభై ఆరు డబ్బాలు.
ఒక్క విమానం అతకాలంటే నాలుగు నెలలు,
యాసంగి వడ్లు మొదలైతే ఆ నాలుగు గూడ ఉండయి.
తక్కువల తక్కువ నలభై తొమ్మిదేండ్లు.
నాకిప్పుడు యాభై మూడు.
ఆ రాత్రి కలల
నూట రెండేండ్ల ముసలోడు
చిమ్టతోటి ఇంతంత చక్రం పట్టుకొని
ఎక్కడ పెట్టాల్నో తెల్వక కూసున్నడు.
తెల్లారంగనే ఇంకొకటి ఆర్డర్ పెట్టిన.

చెయ్యనీకెనే కొంటమా ఏంది?
మూత లేపంగనే వచ్చే వాసన,
కొత్త చెప్పుల దుకాణంల కిరసనాయిలు ఒలికినట్టు.
చట్రానికి చిక్కుడుకాయల లెక్క కాసిన రెక్కలు, చక్రాలు.
జపాను రాతల కాగితం,
అక్షరం రాదు, బొమ్మలు చదువుకుంట.
నేను చేసినవి ఏడు.
ఏడింట్ల ఒక్కదానికీ రెక్కలు సమంగ లేవు,
అద్దాల మీద నా వేలిముద్రలు జిగురుతో సహా.
డబ్బాల ఉన్నదానికి ఏ వంకా లేదు.

హుజూర్‌నగర్ల వెల్డింగ్ ఖలీల్ భాయి ఓడలోడు.
ఆయన సముద్రం చూడలే, నేను విమానం ఎక్కలే.
పొద్దంత గేట్లు అతికి మళ్ల ఇంటికొచ్చి అతుకుతవా అంటే
"రిటైరయినంక చేద్దాం లే భాయ్" అనెటోడు.
వెల్డింగోనికి రిటైర్ ఏంది?
అడగలే నేను. నాగ్గూడ ఆ మాట అవసరమే.

పోయిన చలికాలం పోయిండు.
నలభయ్యో దినం అయినంక బీబీ ఫోన్ చేసింది.
"మీ సామాను తీస్కపోండి భయ్యా."
మీ సామాను అన్నది.

అరవై ఒక్క డబ్బాలు,
ట్రాలీ ఆటోల, పైన పట్టా, పట్టా మీద తాడు,
నేరేడుచర్ల మీదుంగ తెచ్చిన.
ఇంటికి మలిపే ముందు
"కాంట ఎక్కించు" అన్న.
"దీన్నా?" అని నవ్విండు డ్రైవరు.
నిండు బరువు తీసిన. దించినం. ఖాళీ బరువు తీసిన.
నా కాంటకు పది కిలోల లోపు కండ్లు కనపడయి,
ఒక్కొక్క డబ్బా పెడితే ఒక్కటీ కనపడకపోవు.
అన్నీ కలిస్తే నలభై కిలోలు.
కొనుగోలు కేంద్రంల ఒక్క వడ్ల బస్తా.
చీటీల 'సరుకు' అనే గడిల
'వడ్లు' అని దానంతటదే పడుతది రోజూ.
ఆ రోజు గూడ పడ్డది.
మార్చలే.

రాత్రి ఒక్కొక్కటి చూసిన.
అన్నీ సీలు మీదనే ఉన్నయ్, ఒక్కటి తప్ప.
దాంట్ల ఓడంత చట్రంల్నే ఉన్నది,
లంగరు ఒక్కటి కోసి, అంచులు గీకి, నల్లరంగేసి,
కొసకు తుప్పు మరక గూడ పెట్టి
అగ్గిపెట్టెల దూది మీద పండవెట్టిండు.
తుప్పు ఎట్లుంటదో
ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుస్తది.

అండాలు అరచేతుల పెట్టుకొని చూసింది.
"గింతదానికి గంత డబ్బానా" అన్నది.
చానసేపు కింద పెట్టలే.
లెక్క మాత్రం అడగలే.
అటక నిండింది, మిగిలినయి
మంచం కిందికి ఇద్దరం కలిసి నూకినం.

తెల్లారి కాంట కాడ లారీల నడుమ నుంచి
కొరియర్ పిలగాడు బండి ఆపి చెయ్యి ఊపిండు.
"అన్నా, నీదే."
సంతకం పెట్టిన.